కువైట్‌లో సర్కారు కొలువు కోసం కూర్చున్నవాళ్లను చూసి నవ్వాను, ఇప్పుడు మావాడు చిక్కడపల్లిలో కూర్చున్నాడు

ప్రశ్న | కువైట్_రిటర్న్, విద్యానగర్

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే, దాని వెనక కథ కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చదవండి.

మాది జగిత్యాల పక్కన పల్లె. 2003లో కువైట్ పోయాను, 2018లో తిరిగొచ్చాను. అదృష్టం కొద్దీ ఎండలో పని కాదు. డిగ్రీ, టైపింగు ఉన్నాయని, ఆఫీసులకి మనుషుల్ని పంపే ఒక సప్లయ్ కంపెనీ నన్ను అక్కడి ప్రభుత్వాఫీసు ఒకదాంట్లో డేటా ఎంట్రీకి కూర్చోబెట్టింది. మొదట 110 దీనార్లు, వచ్చేసేనాటికి 280.

మా సెక్షన్‌లో కువైటీలు పదకొండు మంది. బయటివాళ్లం నలుగురం: ఇద్దరు ఈజిప్టువాళ్లు, ఒక మలయాళీ, నేను. పని నలుగురికి సరిపడా ఉండేది, ఆ నలుగురు ఎవరో చెప్పక్కర్లేదు. పొద్దున ఏడున్నరకి అందరూ వేలిముద్ర వేసేవాళ్లు. తొమ్మిది దాకా చాయ్, కబుర్లు. తర్వాత ఒకాయన బ్యాంకు పనికి, ఇంకొకాయన పిల్లాడి స్కూలుకి. మళ్లీ మధ్యాహ్నం మిషన్ దగ్గరే దర్శనం. అందరూ అంతే అంటే పాపం తగులుతుంది. ఒక పెద్దావిడ ఉండేది, టేబుల్ మీద ఒక్క కాగితం కూడా మర్నాటికి ఉంచేది కాదు. ఆమెను చూసి మిగతావాళ్లు జాలిపడేవాళ్లు, నిజంగానే.

మా సెక్షన్ పెద్దాయన కొడుకు ఇంజనీరింగ్ చదివాడు. అక్కడ సర్కారు కొలువులిచ్చే సివిల్ సర్వీస్ ఆఫీసులో పేరు రాయించుకుని ఏడాదిన్నరగా వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. మధ్యలో ఒక ప్రైవేటు బ్యాంకు పిలిచింది, పోలేదు. ఎందుకు పోలేదని వాళ్ల నాన్నని అడిగితే, ‘సాయంత్రం ఆరు దాకా ఉంచుకుంటారట’ అన్నాడు, అదేదో జైలన్నట్టు. నేనూ ఆ మలయాళీ అన్నా క్యాంటీన్‌లో కడుపుబ్బ నవ్వుకున్నాం. 2011లో వాళ్ల స్వాతంత్ర్యానికి 50 ఏళ్లు నిండాయని అమీర్ ఒక్కో పౌరుడికి వెయ్యి దీనార్లు, పద్నాలుగు నెలల రేషన్ ఉచితంగా ఇచ్చాడు. ఉయ్యాల్లో పిల్లకి కూడా వెయ్యి! అప్పుడు నా జీతం 190. ఇంతిస్తే ఎవడు పనిచేస్తాడురా అనుకున్నాను.

2017లో అక్కడ ప్రభుత్వాఫీసుల్లో విదేశీయుల్ని ఐదేళ్లలో తీసేసి, వాళ్ల స్థానంలో కువైటీలను వేసుకోవాలని నిర్ణయించారు. మరుసటి ఏడు లిస్టులో నా పేరొచ్చింది. నా కుర్చీలోకి వచ్చింది ఎవరనుకున్నారు? ఆ అబ్బాయే. మూడు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని ఎక్సెల్ నేర్పాను. తెలివైనవాడు, రెండు వారాల్లో పివట్ టేబుల్ నాకంటే వేగంగా చేశాడు. పోయేరోజు అత్తరు సీసా ఇచ్చాడు.

ఇక అసలు సంగతి. మా అబ్బాయి 2020లో బీటెక్ అయ్యాడు. మొదటి ఏడాది కరోనా మింగేసింది. తర్వాత ఒక చిన్న కంపెనీలో ఏడు నెలలు చేసి మానేశాడు. 2022 నుంచి గ్రూప్స్. పొద్దున్నే టిఫిన్ తిని చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి నడిచిపోతాడు. లోపల చోటు దొరకదని ఒక ప్లాస్టిక్ కుర్చీ కొని, దానికి పేరు రాసి, చెట్టు కింద పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం. రాత్రి తొమ్మిదికి ఇంటికి. కష్టపడటం లేదని నేననను.

గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ఏడాదికి 3.2 లక్షలు, రాత్రి షిఫ్టు. సోమవారం జాయిన్ కావాలి. పోనంటున్నాడు. వాడు చెప్పిన కారణం వినగానే నాకు మా పెద్దాయన గుర్తొచ్చాడు. ఇంచుమించు అదే మాట, ఎంతసేపు ఉంచుకుంటారో అన్నది.

అక్కడంటే ఆయిల్ ఉంది, కూర్చోబెట్టి పెడతారు. ఇక్కడేముందని కూర్చున్నారు వీళ్లు? ఇది బద్ధకమా, ఇంకేమన్నానా? నేను గట్టిగా చెప్పి పంపించాలా?


జవాబు | ఎకనామిక్స్_మేడమ్, నల్లకుంట

అన్నగారూ, నేను డిగ్రీ కాలేజీలో ఇదే పాఠం చెప్పుకుని బతుకుతున్నాను, కాబట్టి కొంచెం సాగదీస్తాను, తిట్టుకోకండి.

ముందు ఆ ‘బద్ధకం’ అన్న మాట పక్కన పెడదాం. మన దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగు పోర్షన్లు అద్దెకిచ్చుకునే ఇంటాయన్ని ఊహించుకోండి. ఒకటో తారీకున డబ్బు వస్తుంది, ఆయన ఏ పనీ చేయక్కర్లేదు. చమురు దేశం అలాంటి ఇంటాయనే. చమురు మీద వచ్చేదాన్ని మా పుస్తకాలు కూడా ‘రెంట్’ అనే అంటాయి. తమాషా ఏమిటంటే, ఆ డబ్బు తెచ్చే పరిశ్రమకి మనుషులతో పెద్దగా పనే లేదు. సౌదీ ఆరామ్‌కో ప్రపంచంలోనే అతిపెద్ద చమురు కంపెనీల్లో ఒకటి. దాని ఉద్యోగులు 70 వేల పైచిలుకు. 2022 జనాభా లెక్కల్లో సౌదీలో ఉన్నవాళ్లు 3.2 కోట్లు, అందులో సౌదీ పౌరులే 1.88 కోట్లు. బావి నుంచి డబ్బు వస్తుంది, ఉద్యోగాలు రావు.

మరి ఆ డబ్బు పౌరుడి ఇంటికి చేరేదెలా? పన్ను తగ్గిద్దామంటే కువైట్‌లో జీతం మీద పన్నే లేదు. నీళ్లు, కరెంటు, పెట్రోలు ఎటూ చవక. ఇంకా మర్యాదగా పంచాలంటే మిగిలిన దారి కొలువు. ప్రతి కువైటీకి పని చేసే హక్కుంది, రాజ్యం ఆ పని చూపించడానికి పాటుపడాలి అని 1962 నాటి వాళ్ల రాజ్యాంగంలో 41వ అధికరణమే ఉంది. ఉద్యోగం చేస్తున్న కువైటీల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు ప్రభుత్వంలోనే. జీతాలు, సబ్సిడీలు కలిపి బడ్జెట్‌లో మూడొంతుల పైన తినేస్తాయి. అంటే మీ సెక్షన్‌లో ఆ పదకొండు మందికి ఇచ్చింది జీతం కాదు, అద్దెలో వాటా. దానికి ఆఫీసు అని పేరు పెట్టారు.

ఇప్పుడు ఆ ఇంజనీరు అబ్బాయి వైపు నుంచి చూడండి. ప్రైవేటు బ్యాంకు అతనికి పోటీగా ఎవర్ని నిలబెడుతుంది? మీలాంటి మనిషిని. మీరు మూడోవంతు జీతానికి సాయంత్రం ఏడింటి దాకా చేస్తారు, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వదలకపోతే ఇంకో చోటికి పోవడం కష్టం. అలాంటి బజారులో స్థానికుడు నిలవాలంటే తన ధర తగ్గించుకోవాలి. ఎందుకు తగ్గించుకుంటాడు? ఏడాదిన్నర ఆగితే ముప్పై ఏళ్ల నిశ్చింత. అమ్మానాన్న ఇంట్లో తింటూ ఆగడం ఖర్చు కాదు, పెట్టుబడి.

దీన్నే వేచి ఉండే నిరుద్యోగం అంటారు. 1970లో హారిస్, తొడారో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆఫ్రికా నగరాల మీద రాశారు: ఊళ్లో పని ఉన్నా జనం పట్నానికి ఎందుకొచ్చి ఖాళీగా తిరుగుతారంటే, దొరికితే దొరికే ఆ మంచి జీతం కోసం. జీతాల మధ్య తేడా ఎంత పెద్దదైతే క్యూ అంత పొడుగవుతుంది. గల్ఫ్‌లో నిరుద్యోగం అంటే పని లేకపోవడం కాదు. అక్కడ పని బోలెడుంది, కోట్లమంది బయటినుంచి వెళ్లి చేస్తున్నారు. ఆ పని చేసేకంటే ఆగడం మేలు కావడమే అక్కడి నిరుద్యోగం.

చమురుంటే ఇలాగే అవుతుందనీ కాదు. నార్వేకీ చమురుంది. అక్కడ పౌరుల్లో నిరుద్యోగం నాలుగు శాతం చుట్టుపక్కలే. వాళ్లు ఆ డబ్బును ఫండ్‌లో పడేసి, ఏటా దాని మీద రాబడి ఎంతుంటుందో అంతే, దాదాపు 3 శాతం, ఖర్చు చేసుకుంటారు. పన్నులూ గట్టిగానే కడతారు. అన్నిటికంటే ముఖ్యం, ప్రైవేటులో చేసేవాడికీ సర్కారులో చేసేవాడికీ బతుకులో పెద్ద తేడా ఉండదు. తేడా లేనిచోట క్యూ ఎవడు కడతాడు?

ఇక మీ రెండో ప్రశ్న, ఇక్కడేముందని కూర్చున్నారు అని. కోప్పడకండి. మీ ఇంటికి చమురు బావి మీరే కదా.


కువైట్_రిటర్న్

మేడమ్, ఆ చివరి మాట తగలాల్సిన చోటే తగిలింది. విద్యానగర్‌లో ఈ ఇల్లు దీనార్లతో కట్టిందే, పైన పోర్షన్ అద్దె కూడా వస్తోంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. ఆగడం ఖర్చు కాదన్నారు. నాలుగేళ్ల కింద మావాడు ఇంట్లోకి వస్తూనే వంటింట్లోకి పోయి ఏముందే అని వాళ్లమ్మని విసిగించేవాడు. ఇప్పుడు ఎవరైనా చుట్టాలొస్తే వెనక మెట్ల మీంచి పైకి పోతాడు. ఆ ఖర్చు మీ పుస్తకంలో ఏ పేజీలో రాస్తారు?


జవాబు | రియాద్_హెచ్‌ఆర్, ప్రస్తుతం సెలవులో, టోలీచౌకీ

అస్సలాము అలైకుమ్, నమస్తే అందరికీ. నేను బార్కస్ పక్కన పుట్టి పెరిగాను, పదహారేళ్లుగా రియాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో హెచ్‌ఆర్. పేరు అడక్కండి, నా కొలువు పోతుంది.

మేడమ్ చెప్పిన క్యూని అవతలి గట్టు మీంచి చూసినవాణ్ణి నేను. 2011లో నితాకాత్ అనే పద్ధతి వచ్చింది. సౌదీవాళ్లను ఎంతమందిని పెట్టుకున్నావు అన్నదాన్ని బట్టి కంపెనీకి అప్పట్లో ఒక రంగు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ప్లాటినం. ఎరుపులో పడితే బయటివాళ్ల ఇఖామాలు (అక్కడ ఉండటానికిచ్చే కార్డులు) రెన్యువల్ అయ్యేవి కావు, కొత్త వీసాలు వచ్చేవి కావు. మా యజమాని నన్ను పిలిచి, ‘నెలాఖరుకి ఆకుపచ్చ చెయ్యి’ అన్నాడు. ఎలా చేస్తాం? చాలా కంపెనీలు చేసిందే మేమూ చేశాం. సౌదీ కుర్రాళ్ల పేర్లు సోషల్ ఇన్సూరెన్స్‌లో ఎక్కించి, నెలకి ఇంత అని ఇచ్చి, ‘ఇంట్లో ఉండు నాయనా’ అన్నాం. ఒకడైతే జీతం రోజు తప్ప కనపడేవాడు కాదు. వచ్చినరోజు అందరికీ డోనట్లు తెచ్చేవాడు. మంచివాడు, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

అదే ఏడాది ‘హాఫిజ్’ కూడా మొదలైంది. పని వెతుక్కుంటున్నవాడికి ఏడాదిపాటు నెలకి 2000 రియాళ్లు. అరబ్బు దేశాల్లో జనం రోడ్డెక్కిన సంవత్సరం అది. ఒమన్‌లో సొహార్‌లో ఉద్యోగాల కోసం గొడవలైతే సుల్తాన్ ఖాబూస్ 50 వేల కొలువులు ప్రకటించాడు. సౌదీలో ఒక్క హోం శాఖలోనే 60 వేల పోస్టులన్నారు. అంటే క్యూని తగ్గించడానికి కౌంటర్లు పెంచారు. కౌంటర్లు పెరిగాయని తెలిస్తే క్యూలోకి ఇంకా జనం వస్తారు కదా!

తర్వాత చమురు ధర పడింది. 2014లో బ్యారెల్ వంద డాలర్ల పైన ఉన్నది 2016 జనవరికి ముప్పై కిందికి దిగింది. అప్పుడు అసలు మార్పు మొదలైంది. మన టోలీచౌకీవాళ్లకి అది ఎలా తెలిసిందంటే 2017 జులైలో ఫ్యామిలీ ఫీజుతో. భార్యాపిల్లలు ఒక్కొక్కరికి నెలకి 100 రియాళ్లు, ఏటా ఇంకో వంద పెంచుకుంటూ పోయారు. నాకు భార్య, ముగ్గురు పిల్లలు. నాలుగో ఏడు లెక్క వేసి చూసుకున్నాను: నెలకి 1600. టికెట్లు బుక్ చేసి ఇంటికి పంపించేశాను. ఆ రెండేళ్లు ఇక్కడ స్కూళ్లలో ఎక్కడ చూసినా గల్ఫ్ నుంచి వచ్చిన పిల్లలే, తెలుగు రాక క్లాసులో బిక్కమొహాలు వేసుకుని.

కానీ ఒకమాట. సౌదీవాళ్లు పనిచేయరు అని 2011లో నేనూ అన్నాను. ఇప్పుడు అనను. ఇవాళ రియాద్‌లో సూపర్ మార్కెట్ బిల్లింగ్‌లో, హోటల్ రిసెప్షన్‌లో, కాఫీ షాపులో సౌదీ ఆడపిల్లలే. పనిలోనో పని వెతుకులాటలోనో ఉన్న సౌదీ ఆడవాళ్లు 2017 ప్రాంతంలో నూటికి పదిహేడు మంది దాకా ఉంటే, ఇప్పుడు ముప్పై ఐదు దాకా అయ్యారు. పన్నెండు శాతం దాటిన సౌదీల నిరుద్యోగం 2024 చివరికి 7 శాతానికి వచ్చింది. 2030కి అనుకున్న అంకె అది. మనుషులు మారలేదు భాయ్, సర్కారు గేటు సన్నబడింది, ప్రైవేటు గేటు కొంచెం పెద్దదైంది. అంతే. మా డోనట్ల కుర్రాడు ఇప్పుడు వేరే కంపెనీలో సేల్స్ మేనేజరు. పోయిన నెల ఫోన్ చేసి, తన కింద పనిచేసేవాళ్లు టైముకి రావడం లేదని ఏడ్చాడు.

మీ బాబు సంగతి నాకు తెలీదు గానీ, ఆ 3.2 లక్షలూ రాత్రి షిఫ్టూ చూస్తే ఆ గేటు పెద్దదేమీ కాదు.


జవాబు | హాల్‌టికెట్_2022, అశోక్‌నగర్

అంకుల్, మీ అబ్బాయి ఎవరో నాకు తెలియదు, కుర్చీ మాత్రం చూసే ఉంటాను. పేరు రాసిన కుర్చీలు ఆ చెట్టు కింద నలభై దాకా ఉంటాయి.

మా లెక్క కూడా వినండి. నేను నల్లగొండ నుంచి వచ్చాను. హాస్టల్‌కి 6,500. టెస్ట్ సిరీస్, జిరాక్స్, చాయ్ కలిపి ఇంకో మూడు వేలు. ఇంటి నుంచి పంపేది నాన్న ఆటో మీద వచ్చింది. గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్‌కి మూల వేతనం 24,280 నుంచి మొదలు. డీఏ, హెచ్ఆర్ఏ పైన. మీవాడికి వచ్చిన ఆఫర్‌లో కటింగులు పోను 23 వేలు వస్తాయేమో. మొదటి నెలకే తేడా కనపడుతుంది. పదో ఏడు చూడండి. ఒకటి పెరుగుతూ ఉంటుంది. రెండోదాంట్లో మనిషే ఉండడు, మీటింగ్ అని పిలిచి ల్యాప్‌టాప్ తీసేసుకుంటారు. మా రూమ్మేట్‌కి సరిగ్గా అలాగే అయింది, అమ్మకి ఎలా చెప్పాలో తెలీక మూడు రోజులు ఆఫీసుకి పోతున్నట్టు బ్యాగు వేసుకుని ట్యాంక్‌బండ్ మీద కూర్చున్నాడు.

బద్ధకం అని మాత్రం అనకండి. 2022 గ్రూప్-4 నోటిఫికేషన్‌లో 8,180 పోస్టులకి తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులు. అంటే పోస్టుకి 116 మంది. కువైటీ అబ్బాయి పేరు రాయిస్తే ఎప్పటికైనా వంతు వస్తుంది. మాకు వంతు అనేదే లేదు, ఇది క్యూ కాదు, లాటరీ. టికెట్ కొనడానికి యవ్వనం పెడుతున్నాం. వయోపరిమితి 46 చేశారని అందరూ మెచ్చుకున్నారు. మా మెస్సులో ఒకాయన ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టేశాడు. ఆయనకి అప్పుడు 37. ‘ఇంకో తొమ్మిదేళ్లు ఆగమంటున్నార్రా’ అన్నాడు.

పెళ్లి సంగతి మేడమ్ రాయలేదు. మా ఊళ్లో సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది కొలువు గురించి కాదు, పర్మనెంటా కాదా అని.

మీరు గట్టిగా చెప్పి పంపిస్తే పోతాడు అంకుల్. కానీ నోటిఫికేషన్ పడిన రోజు మీ మొహం చూడలేడు. దానికంటే ఒక తేదీ పెట్టుకోమనండి. ఫలానా పరీక్ష వరకు, ఆ తర్వాత కాదు అని. తేదీ వాడే చెప్పాలి, మీరు కాదు. నేను పెట్టుకున్నాను. దాటిపోయింది కూడా, అది వేరే విషయం.


కువైట్_రిటర్న్

అందరికీ ధన్యవాదాలు. నిన్న మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో పప్పుచారు, బెండకాయ వేపుడు పెట్టించుకుని లైబ్రరీకి నడిచిపోయాను. నాలుగేళ్లలో నేను అక్కడికి పోవడం అదే మొదటిసారి. మావాడు నన్ను చూసి ఎవరో పోయారనుకుని లేచి నిలబడ్డాడు.

చెట్టు కింద కూర్చున్నాం. పక్కన ఒకమ్మాయి చెవులు మూసుకుని పాలిటీ బట్టీ పడుతోంది. మీరు రాసినవన్నీ ఫోన్‌లో చదివించాను. మేడమ్ రాసినది రెండుసార్లు చదివి, ‘ఈమె ఎకానమీ పేపర్ చెబితే బాగుండు’ అన్నాడు. లాటరీ మాట దగ్గర నవ్వాడు, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నేనూ నా సంగతి చెప్పాను. కువైట్‌లో అంత వెక్కిరించిన నేను, పదిహేనేళ్లలో రోజూ రాత్రి పడుకునే ముందు కోరుకున్నది ఏమిటంటే, ఆ ఆఫీసులో సప్లయ్ కంపెనీ మనిషిగా కాక పర్మనెంట్ మనిషిగా ఉండాలని. ఇది మా ఆవిడకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. వాడు చాలాసేపు డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, రాత్రి షిఫ్టు కాబట్టి పొద్దున ఇక్కడికి రావచ్చేమో అన్నాడు. వెంటనే, నిద్రెప్పుడు పోవాలి మరి అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకొకటి. ఆ కువైటీ అబ్బాయికి రాత్రి వాట్సాప్‌లో సలాం పెట్టాను. ఇంకా నా కుర్చీలోనే ఉన్నాడట. గదిలో ఇప్పుడు తొమ్మిది మంది, కంప్యూటర్లు ఐదు. పనిలేక విసుగొస్తోందని, ఎక్కడైనా ప్రైవేటులో చూసుకుందామా అనుకుంటున్నానని వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాళ్ల నాన్న మాత్రం ఒప్పుకోవట్లేదట.

సోమవారానికి ఇంకా మూడు రోజులుంది. మా ఆవిడ నీలం చొక్కా ఇస్త్రీకి ఇచ్చింది, వాణ్ణి అడక్కుండానే.